రెండు వందల పన్నెండు ఎకరాల సుంకులమ్మ

నేలసాక్షి అబద్ధం చెప్పదని నేను కనీసం నలభై సమావేశాల్లో చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు కొంచెం పెరిగేది. అందుకే ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం, తుమ్మలకుంటపల్లెలోని రెండు వందల పన్నెండు ఎకరాల వేరుశనగనూ సుంకులమ్మ అనే ఒకే ఒక్క మనిషి సాగు చేసిందని ఆ యంత్రం తేల్చినప్పుడు, నేను యంత్రాన్ని అనుమానించలేదు. ఊరిని అనుమానించాను.

"అరవై నాలుగు ఇళ్ళు. అరవై నాలుగు చేలు. అన్నింటికీ ఒకటే పేరు," అన్నాను కాగితం చేతికిస్తూ.

మా పరిశోధన కేంద్రం డైరెక్టర్ శ్రీనాథమూర్తి గారు కళ్ళజోడు పైకి జరుపుకున్నారు. "బినామీ అయి ఉంటుందమ్మా శమంతా. ఎవరో పెద్దవాళ్ళు ఆమె పేరు అడ్డం పెట్టి నడిపిస్తున్నారు. చూశావా, నీ యంత్రం మొదటి ఏడాదే దొంగను పట్టింది."

ఆ మాటకి నాకు సంతోషం వేసింది. సిగ్గుపడాల్సిన విషయమే కానీ దాచను. నివేదిక మీద సంతకం పెట్టాను.

నేలసాక్షి పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. మన చర్మం మీద, చెమటలో బతికే సూక్ష్మజీవుల గుంపు మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. ఉత్త కాళ్ళతో చేలో నడిస్తే, ఉత్త చేతులతో కలుపు తీస్తే, ఆ గుంపు మట్టిలోకి దిగుతుంది. అది ఏడాది దాకా అక్కడే బతికి ఉంటుందని కనిపెట్టడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఊళ్ళో అందరి అరికాళ్ళూ అరచేతులూ ముందే దూదితో తుడిచి నమూనాలు దాచుకుంటాం. పంట తీశాక చేనులో మట్టి తీసుకొచ్చి యంత్రంలో పెడితే, ఎవరి గుర్తు దట్టంగా ఉందో వారి పేరు తెర మీద పడుతుంది. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం ఆ పేరుకే వెళుతుంది. ఏ పేరూ పడకపోతే పాత పద్ధతిలో పట్టాదారుకు వెళుతుంది.

దీని కోసం నేను ఎందుకు అంత పట్టుబట్టానంటే, మా నాన్న ఇరవై ఆరేళ్ళు కౌలు చేశాడు. ఆ చేనికి వచ్చిన ప్రతి సాయమూ బెంగళూరులో ఉండే పట్టాదారు ఖాతాలో పడేది. ఆ మనిషి ఒక్కసారి కూడా చేను చూడలేదు. నాన్న అధికారుల దగ్గరికి వెళ్ళి, "నేను దున్నినానని ఆ నేలనే అడగండి సార్" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నేను నేలను అడిగే యంత్రం చేశాను. అది పూర్తయ్యేసరికి నాన్న లేడు.

మే నెలలో సుంకులమ్మ మా కేంద్రానికి వచ్చింది. రెండు బస్సులు మారి, ఒక గుడ్డసంచితో. యాభై ఐదేళ్ళు ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ముఖంలో కోపం లేకుండా ఉంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. కోపంగా వచ్చేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి.

"మేడమ్మూ, నాకు రెండొందల ఎకరాలుండాయంట గదా," అంది కూర్చోకుండానే. "యాడుండాయో సూపిస్తే ఒకపాలి పోయి సూసొస్తా. మా ఆయప్పకు గూడా సూపియ్యాల."

నేను నవ్వలేకపోయాను. సంచిలోంచి మడతలు పెట్టిన కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. మొదటిది రేషన్ కార్డు రద్దు చేసిన ఉత్తర్వు. పదెకరాలు దాటినవాళ్ళకు కార్డు ఉండదు. రెండోది ఆమె భర్త ఈరన్న పింఛను నిలిపివేత. కారణం అదే. మూడోది విచారణ తేదీ. ఊరి సచివాలయంలో, జాయింట్ కలెక్టర్ ముందు, జూన్ పన్నెండున. అప్పటిదాకా ఊరు మొత్తానికి పెట్టుబడి సాయం ఆపేశారు.

"మీకు నిజంగా ఎంత ఉంది?" అని అడిగాను.

"నా సొంతానికి ఏమీ లేదమ్మా. మూడున్నర ఎకరా కౌలు. మద్దిలేటి రెడ్డిది. ఇరవై ఏండ్లాయ. ఈసారి కౌలోల్లకు గూడా దుడ్డు పడుతుందని మీరే వచ్చి చెప్తిరి. పడుతుందేమోలే అనుకుంటి." ఆమె కాగితాలు మళ్ళీ మడిచింది. "పడకపోయినా పర్వాలేదు. ఉన్న కార్డు పాయ. మా ఆయప్పకు ఊపిరి ఆడదు. మందులు ఆ పింఛనుతోనే. ఊళ్ళో ఎవురూ మాట్లాడరు. నా వల్లే అందరికీ నిలిచిపోయిందంట."

"అన్ని చేలలో మీ గుర్తు ఎలా వచ్చింది?"

"అది మీరే చెప్పాల. యంత్రం మీది గదా."

ఆమె వెళ్ళిపోయింది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. యంత్రం కూడా నిజమే చెప్పిందని తొమ్మిదేళ్ళ అనుభవం చెబుతోంది. రెండూ ఒక్క బుర్రలో పట్టక తలనొప్పి పట్టుకుంది.

నాలుగు రోజులు అదే తలనొప్పి. ఇంట్లో గిరిధర్ నా జోలికి రాలేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది కాబట్టి ఎప్పుడు పలకరించకూడదో అతనికి బాగా తెలుసు. ఐదో రోజు భోజనాల దగ్గర మాత్రం, పెరుగు వేసుకుంటూ ముఖం చిట్లించాడు.

"మన పెరుగు రుచి మారింది. పై వాటాలో సుబ్బరత్నం గారింట్లో తిన్నట్టే ఉంది."

"మొన్న తోడు అయిపోతే ఆవిడ దగ్గరే తెచ్చాను."

"కింద వాటావాళ్ళది కూడా ఇలాగే ఉంది. వాళ్ళూ ఆవిడ దగ్గరే తెచ్చుకున్నారట. అయితే ఇక ఈ మేడలో ఎవరింటి పెరుగు నీ యంత్రంలో పెట్టినా సుబ్బరత్నం గారి పేరే పడుతుందన్నమాట. పాలు మనం కొన్నా, కాచింది మనమైనా."

అతను వేళాకోళానికే అన్నాడు. నా చేయి కంచంలోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఏమీ లేదు. నేను మూర్ఖురాలిని," అన్నాను.

"అన్నం తిని చెప్పు. అదేమంత తొందర విషయం కాదు."

మేము మట్టి ఎక్కడ తీశామో గుర్తొచ్చింది. గాలికి పైమట్టి లేచిపోతుందని, జానెడు లోతున, వేరు పక్కన తీశాం. అంటే విత్తనం పడిన చోట. విత్తనాన్ని తాకిన చేయి ఏదైతే, దాని గుర్తు వేరుతోపాటు పెరిగి పెరిగి మిగతా అందరి గుర్తులనూ మింగేస్తుంది. తోడు ఎవరిదో చెప్పి, పెరుగు వాళ్ళదే అనేశాను నేను.

మర్నాడు పొద్దున్నే తుమ్మలకుంటపల్లె వెళ్ళాను. సుంకులమ్మ ఇంటి అరుగు మీద ఈరన్న దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే లోపల ఈల వేసినట్టు వినబడుతోంది. ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది.

"విత్తనాలు మీరు ముట్టుకుంటారా? ఊళ్ళో వాళ్ళవి?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. రోజూ అన్నం తింటారా అని అడిగినట్టు.

"ముట్టుకోకుండా యట్ల? ఏటా ఇత్తే ముందర అందరూ గంపలు ఈడికే తెస్తారు. బూడిదె, ఆవుపంచితం ఏసి నా చేత్తో కలిపిస్తా. ఆరబెట్టి తీసకపోతారు. మా అత్త కలిపేది, ఆయమ్మ పాయినాక నేను. నా చెయ్యి తగిల్తే మొలక పోదని వాల్ల నమ్మకం."

"అన్ని ఇళ్ళూ?"

"అన్ని ఇళ్ళూ. రెడ్డిది గూడా," అన్నాడు ఈరన్న మధ్యలో.

"మరి ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు గదమ్మా. చేలో ఎవురు దున్నుతారు, ఎవురు కలుపు తీస్తారు అని రాసుకున్నారు. ఇత్తనం ఎవురు కలుపుతారని ఆ కాగితంలో లేదు," అంది సుంకులమ్మ.

ఆ కాగితం తయారుచేసిందీ నేనే. అరుగు పక్కన వెడల్పాటి రాతిబండ ఒకటి ఉంది, అరిగి నున్నగా. విత్తనాలు కలిపేది దాని మీదే. వానలు దగ్గర పడ్డాయి, ఈపాటికి ఆ బండ నిండా గంపలు ఉండాలట. ఒక్కటీ లేదు. ఈసారి ఎవరి విత్తనం వాళ్ళే కలుపుకుంటున్నారని, ఇక సుంకులమ్మ చేయి దేనికి తగిలినా అది ఆమె పేరున పడుతుందేమోనని భయపడుతున్నారని ఈరన్న చెప్పాడు. అది వింటూ ఆమె చెరగడం ఆపలేదు, కానీ జొన్నలు రెండుసార్లు చేట దాటి నేల మీద పడ్డాయి.

"తప్పు నాది సుంకులమ్మా," అన్నాను. ఆ మాట అనడం అనుకున్నంత కష్టంగా లేదు. "నేను సరిచేస్తాను."

కేంద్రానికి తిరిగొచ్చి ఇద్దరు సహాయకులతో కలిసి పద్ధతి మార్చాను. గుర్తు ఎంత దట్టంగా ఉందన్నది కాదు, దాని వయసు ఎంత అన్నది చూడాలి. విత్తనంతో దిగిన గుర్తు ఒకే వయసుది. చేను చేసే మనిషి మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుంది. గుంటక తోలడానికి వస్తుంది, మొదటి కలుపుకి వస్తుంది, రెండో కలుపుకి వస్తుంది, పందులు పడ్డాయేమో చూడటానికి వస్తుంది, ఏ పనీ లేకపోయినా వచ్చి గట్టు మీద నిలబడుతుంది. అలా రకరకాల వయసుల గుర్తులున్న మనిషే సాగుదారు. మా నాన్న అంతే. పండగ పూట కూడా చేను చూడకుండా ఉండలేకపోయేవాడు.

దాచిన మట్టి నమూనాలన్నీ మళ్ళీ చదివించాం. పదకొండు రోజులు పట్టింది. అరవై మూడు చేలకు అరవై మూడు వేరు వేరు పేర్లు పడ్డాయి. సగానికి పైగా ఆడవాళ్ళవే, అది వేరే కథ. నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. అప్పుడు సహాయకురాలు అరవై నాలుగో కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

సుంకులమ్మ కౌలు చేసే మూడున్నర ఎకరాలు అది. ఆ చేలో ఏ ఒక్కరూ మళ్ళీ మళ్ళీ రాలేదు. సుంకులమ్మ గుర్తు విత్తనంతో దిగింది, పంట తీసేటప్పుడు ఒకసారి కనబడింది, మధ్యలో లేదు. మధ్యలో అరవై మూడు మంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క రోజు. సాగుదారు పేరు దగ్గర తెర ఖాళీగా ఉంది. ఖాళీ అంటే సాయం పట్టాదారుకు వెళుతుంది.

ఫోన్ చేశాను. ఈరన్న ఎత్తి, ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. పోయినేడు విత్తిన వారానికే అతన్ని జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. రెండు నెలల పైన అక్కడే. సుంకులమ్మ మంచం పక్కనే ఉండిపోయింది. ఊరంతా ఇంటికొకరు చొప్పున వచ్చి కలుపు తీశారు. ఆమె విత్తనం కలిపినందుకు ఎప్పుడూ కూలి తీసుకోదు. దానికి బదులు ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఒక రోజు ఆమె చేలో పని చేస్తారు. ఏటా ఉన్న పద్ధతే. ఆ ఏడు ఆ బదులే చేను మొత్తాన్నీ నిలబెట్టింది.

శ్రీనాథమూర్తి గారు కాగితం చూసి నిట్టూర్చారు. "అరవై నాలుగులో అరవై మూడు సరిపోయాయి. ఇంతకన్నా ఏం కావాలమ్మా? ఆ ఒక్కటీ నియమం ప్రకారం వదిలెయ్. ఆమె రేషన్ కార్డూ పింఛనూ ఎలాగూ తిరిగొస్తాయి కదా."

"మొదటి తప్పుకి ఊరంతా నష్టపోయింది సార్. రెండో తప్పుకి ఆమె ఒక్కతే నష్టపోతుంది. ఒక్కతే కాబట్టి తప్పు కాకుండా పోదు."

"అయితే ఏం చేస్తావు? మళ్ళీ పద్ధతి మారుస్తావా? రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకటి వస్తుంది."

నేను సంతకం పెట్టలేదు. పాత నివేదికా కొత్త కాగితమూ రెండూ సంచిలో పెట్టుకుని విచారణకు వెళ్ళాను.

సచివాలయం వరండా నిండా జనం. జాయింట్ కలెక్టర్ ముప్పై ఐదేళ్ళ మనిషి, మాట తక్కువ. అరవై మూడు పేర్లు చదివించి ఆమోదించాడు. పేరు పేరుకీ జనంలో ఒక గుంపు ఊపిరి పీల్చుకోవడం వినబడింది. చివరి చేను దగ్గర ఆగాడు.

"ఈ చేనికి సాగుదారు తేలలేదు. విత్తిన తర్వాత పంట తీసేదాకా సుంకులమ్మ గుర్తు లేదు. పట్టాదారు ఎవరు?"

మద్దిలేటి రెడ్డి లేచాడు. అరవై దాటిన మనిషి, తెల్లపంచె, చేతిలో పట్టా పుస్తకం. "నేనే సార్. పుస్తకం తెచ్చినా. యంత్రంలో గూడా ఆయమ్మ అడుగు లేదు, నా అడుగు ఉండాది."

అది నిజమే. అరవై మూడు మందిలో అతనూ ఉన్నాడు.

లేచి రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. "ఇది నా మొదటి నివేదిక సార్. తప్పు నివేదిక. అరవై నాలుగు చేల విత్తనంలోనూ ఈమె చేయి ఉందని చెబుతుంది. ఇది రెండోది. ఈమె చేలో పని చేసిన అరవై మూడు మంది పేర్లు. దయచేసి పోల్చి చూడండి. ఎవరెవరి విత్తనం ఈమె కలిపిందో, సరిగ్గా ఆ ఇళ్ళవాళ్ళే ఒక్కొక్క రోజు ఈమె చేలోకి వచ్చారు. ఒక్కరు ఎక్కువ లేరు, ఒక్కరు తక్కువ లేరు."

అతను వేలు పెట్టుకుంటూ రెండు వరసలూ చూశాడు. "బదులు పని అంటారు. కావచ్చు. కానీ రెడ్డి గారు తన నేల కాబట్టి తాను వెళ్ళానంటారు. దానికేం చెబుతారు?"

నేను చెప్పేలోపే వెనక నుంచి సుంకులమ్మ అడిగింది. గొంతు పెంచలేదు.

"రెడ్డీ, ఆ పొద్దు నీకు కూడు ఎవురు పెట్టిరి?"

ఆ ప్రశ్న అర్థం కానిది నాకూ జాయింట్ కలెక్టర్‌కీ మాత్రమే. పక్కన కూర్చున్న ఒక పెద్దామె నా వైపు వంగి చెప్పింది. బదులుకు పోయినోళ్ళకి మధ్యాహ్నం కూడు ఆ పంట చేసేవాళ్ళే పెట్టాలట. సుంకులమ్మ ఆసుపత్రిలో ఉండి కూడా, ఇంటి గాదెలో జొన్నలు తీసి వండిపెట్టమని చెల్లెలికి కబురు పంపిందట. అరవై మూడు రోజులూ గట్టు మీద రొట్టె, ఊరిమిండి పచ్చడి ఉన్నాయట.

మద్దిలేటి రెడ్డి పట్టా పుస్తకం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అతన్ని అందరూ చూస్తున్నారు. అబద్ధం చెప్పాలంటే ఒక్క మాట చాలు. కానీ అదే గట్టు మీద అదే రొట్టె తిన్నవాళ్ళంతా వరండాలోనే ఉన్నారు.

"ఆయమ్మ జొన్నరొట్టే తిన్నా సార్," అన్నాడు చివరికి. "బదులుకే పోయినా. నా నేలలోనే నేను బదులుకు పోయినా. పంట ఆయమ్మదే. నాకు దుడ్డు మీద ఆశ గాదు సార్. ఈ యంత్రంలో పేరు పడితే రేపు పట్టా గూడా ఆయమ్మదే అంటారేమోనని నా భయం. ఇరవై ఏండ్లుగా చేస్తాండాది గదా."

"పట్టాకూ దీనికీ సంబంధం లేదు."

"ఆ మాట రాసిస్తారా?"

"ఇప్పుడే రాసిస్తాను."

"అట్లయితే రాయండి సార్. సాగుదారు సుంకులమ్మ." ఆమె వైపు చూడకుండానే కూర్చున్నాడు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "రొట్టె మెత్తగా ఉన్నింది," అన్నాడు. వరండా అంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వులో కలిసిపోయి ఎవరూ చూడలేదు.

నేలసాక్షి పద్ధతి మళ్ళీ మార్చాం. యంత్రం ఏ పేరు చెప్పినా, అది ఊళ్ళో చదివి వినిపించి, చేనులో కూడు ఎవరు పెట్టారని అడిగాకే ఖాయం చేయాలని నియమం రాయించాను. శ్రీనాథమూర్తి గారు ఆ వాక్యం చదివి, ఇది ప్రభుత్వ పత్రమమ్మా అన్నారు. అయినా కొట్టివేయలేదు.

పది రోజులకి మొదటి వాన పడింది. మర్నాడు కొత్త నమూనాల కోసం తుమ్మలకుంటపల్లె వెళితే సుంకులమ్మ ఇంటి ముందు నడవడానికి చోటు లేదు. వీధి పొడుగునా గంపలు. అన్నింటికన్నా ముందు మద్దిలేటి రెడ్డి గంప, దాని పక్కన చెప్పులు విడిచి నిలబడ్డ రెడ్డి. పింఛను తిరిగొచ్చిందని ఈరన్న అరుగు మీది నుంచే నాకు చేయెత్తి చెప్పాడు. ఈల తగ్గలేదు కానీ మందు సీసా పక్కనే ఉంది. ఆ ఇంటికి ఇంకా పడాల్సిన పెట్టుబడి సాయం అంతకు ముందురోజే పడిందట. సుంకులమ్మ ఆ కబురు చెప్పలేదు, నేనే అడగాల్సి వచ్చింది. "పడిందిలేమ్మా," అని మాత్రం అంది, మోచేతుల దాకా బూడిదతో.

నేను నమూనాల పెట్టె తెరిచి, అలవాటు ప్రకారం రబ్బరు తొడుగులు వేసుకున్నాను. నా గుర్తు మట్టిలో కలిస్తే లెక్క పాడవుతుంది. తొమ్మిదేళ్ళుగా నేను ఏ విత్తనాన్నీ ఉత్త చేత్తో ముట్టుకోలేదు.

"అది తీసేసి రామ్మా," అంది సుంకులమ్మ. "శానా గంపలుండాయి. నువ్వూ ఒక చెయ్యెయ్యి."

"నా పేరు పడుతుందమ్మా యంత్రంలో."

"పడనీలే. అడిగితే మేము చెప్తాం."

తొడుగులు తీసి పెట్టెలో పడేశాను. బండ మీద ఆమె ఎదురుగా కూర్చుని విత్తనాల్లో చేతులు పెట్టాను. బూడిద ఇంకా వెచ్చగా ఉంది. విత్తనం తోలు ఊడకుండా కింది నుంచి పైకి, మెల్లగా తిప్పాలి. నాన్న నాకు ఏడో ఏట నేర్పాడు. చేతులకి ఇంకా గుర్తుంది.